లెక్కకు మించిన రాక్షసబల్లులు

పుస్తకాలు చదివేవాళ్లలో రెండు తెగలున్నాయి. మొదటిది కథల తెగ. నాయిక కష్టాల్లో పడితే వీళ్ల కళ్లు చెమరుస్తాయి. హంతకుడెవరో తెలిసేదాకా వీళ్లకు అన్నం సహించదు. రెండోది నిజాల తెగ. వీళ్లకు జీవిత చరిత్రలు కావాలి, యాత్రా కథనాలు కావాలి, ఏ ఆనకట్ట ఏ సంవత్సరంలో కట్టారో కావాలి. మిర్చీలు కట్టిచ్చిన కాగితంలో పాత వార్త కనబడితే నూనె తుడిచి మరీ చదువుతారు. నవల చేతికిస్తే మాత్రం "ఇది నిజంగా జరిగిందా?" అని అడుగుతారు. జరగలేదంటే మర్యాదగా తిరిగి ఇచ్చేస్తారు.

మీ ఇంట్లోనూ రెండో తెగవాళ్లు ఒకరైనా ఉండే ఉంటారు. ఈ కాలమ్ రాసేవాడూ ఆ తెగే. కరీంనగర్‌లో మా ఇంటి అల్మారా తెరిస్తే ఆత్మకథలు, చరిత్ర పుస్తకాలు, ఒకప్పుడు విశాలాంధ్ర దుకాణాల్లో అగ్గువకు దొరికిన సోవియట్ సైన్స్ పుస్తకాలు, కొడవటిగంటి కుటుంబరావు సైన్స్ వ్యాసాలు, మహీధర నళినీమోహన్ పుస్తకాలు కనిపిస్తాయి. నవలలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అవీ చుట్టాలు మరిచిపోయి వెళ్లినవే.

అలాంటి అల్మారాలోకి ఒక సైన్స్ నవల వచ్చి చేరింది. తెచ్చింది మా మేనకోడలు. ఇంటర్ చదువుతోంది. హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఏరుకొచ్చింది. "మామా, నీకు నవలలు పడవని నాకెర్కే. గని దీంట్ల గ్రాఫులున్నయ్, కంప్యూటర్ పట్టికలున్నయ్. పది పేజీలు సదువు. నచ్చకుంటె వాపస్ ఇయ్యి" అంది.

మేనమామ బలహీనత దానికి బాగా తెలుసు. పట్టిక కనిపిస్తే ఆగలేడు.

ఆ పుస్తకం 'జురాసిక్ పార్క్'. రాసినవాడు అమెరికన్ రచయిత మైఖేల్ క్రైటన్. నవల 1990లో వచ్చింది. స్టీవెన్ స్పీల్‌బర్గ్ దాన్ని 1993లో సినిమాగా తీశాక రాక్షసబల్లి అంటే తెలియని పిల్లలు లేకుండా పోయారు. సినిమా చూసినవాళ్లు కోట్లమంది. పుస్తకం తెరిచినవాళ్లు అందులో ఎంతోమంది ఉండరు. కానీ నిజాల తెగవాళ్లకు అసలు విందు పుస్తకంలోనే ఉంది.

డాక్టరు రాసిన కథ

క్రైటన్ చదివింది వైద్యం. హార్వర్డ్‌లో 1969లో డాక్టరు పట్టా పుచ్చుకున్నాడు. అదే ఏడాది 'ది ఆండ్రోమెడా స్ట్రెయిన్' అనే సైన్స్ నవలతో పేరు తెచ్చుకుని, స్టెతస్కోపు పక్కనపెట్టి కలం పట్టాడు. 2008లో కన్నుమూసేదాకా రాస్తూనే ఉన్నాడు.

మనలాంటి వాళ్లను బుట్టలో వేసుకునే విద్య ఆయనకు బాగా తెలుసు. 'జురాసిక్ పార్క్' కథలా మొదలుకాదు. కంపెనీ మీద విచారణ జరిపి రాసిన నివేదికలా మొదలవుతుంది. జీవసాంకేతిక పరిశోధన విశ్వవిద్యాలయాల చేతుల్లోంచి వ్యాపారుల చేతుల్లోకి ఎలా పోయిందో, అడిగేవాడు లేకుండా ఎలా పెరిగిందో వివరిస్తాడు. అందులో చాలా సంగతులు నిజమే. ఎక్కడ నిజం ఆగిపోయి కల్పన అందుకుందో ఆ అతుకు కనబడదు. దుర్శేడు నుంచి ఊళ్లోకి వచ్చే బస్సులో కూర్చున్నట్టే ఉంటుంది, దిగి చూస్తే వేరే దేశంలో ఉంటాం.

కథ రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. కోస్టారికా దేశం దగ్గర ఒక దీవి. డబ్బున్న ఒక పెద్దమనిషి. రాతిజిగురులో చిక్కుకుపోయిన దోమల కడుపులో, అవి ఎప్పుడో తాగిన రక్తం ఉంటుందనీ, ఆ రక్తంలోంచి డైనోసార్ల డీఎన్‌ఏ తీసి మళ్లీ వాటిని పుట్టించవచ్చనీ ఆయన శాస్త్రవేత్తలు ఆయనకు చేసి చూపించారు. ఆ దీవిలో జూ కట్టాడు. జనానికి తెరవకముందే పరీక్షించమని కొందరు నిపుణులను పిలిచాడు. వాళ్లతోపాటు తన మనవణ్నీ, మనవరాలినీ కూడా రప్పించుకున్నాడు. ఒక్క రాత్రి కరెంటు పోతుంది. మిగతాది మీరు ఊహించుకోండి.

కరెంటు పోవడం అనే సంగతి మనకు కొత్త కాదు గనుక భయం ఇంకా బాగా అర్థమవుతుంది.

ఈ నవల నడకే వేరు. అధ్యాయాలు చాలావరకు చిన్నవే. ప్రతి అధ్యాయం గుమ్మం దగ్గర ఆపి, తలుపు సగం తెరిచి, పక్కింటికి పోతుంది. రాత్రి పదింటికి పట్టుకుంటే ఒంటిగంటకు ఇంట్లో వాళ్లు లేచి లైటు ఆర్పమన్నారు. చరిత్ర పుస్తకం పట్టుకుని ఎవరూ అలా తిట్లు తిన్న దాఖలా లేదు.

ఎర్ర పెన్సిల్ పట్టుకున్న పాఠకుడు

నిజాల తెగవాడు నవల చదివితే ఏమవుతుంది? ఒక మనసు కథతో పరుగెత్తుతుంది. రెండో మనసు ఎర్ర పెన్సిల్ పట్టుకుని వెనకాలే నడుస్తుంది. మనవడు, మనవరాలు కూర్చున్న బండి మీదికి టైరనోసారస్ వంగుతుంటే మొదటి మనసు గుండె చిక్కబట్టుకుంటుంది. రెండో మనసు "ఆగు, ఈ జంతువు జురాసిక్ కాలంది కాదే!" అంటుంది.

నిజంగానే కాదు. జురాసిక్ కాలమంటే సుమారు 20 కోట్ల ఏళ్ల కిందటి నుంచి 14 కోట్ల 50 లక్షల ఏళ్ల కిందటి దాకా. టైరనోసారస్ తిరిగింది దాని తర్వాతి క్రెటేషియస్ కాలం చివర, అంటే 6 కోట్ల 80 లక్షల నుంచి 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట. మూడు కొమ్ముల ట్రైసెరటాప్స్ కూడా అప్పటిదే. జురాసిక్ పార్క్‌లో పేరున్న జంతువుల్లో ఎక్కువ భాగం జురాసిక్ కాలాన్ని చూడనే లేదు. తెలివిగా గుంపులు కట్టి వేటాడే వెలాసిరాప్టర్ మనిషంత ఎత్తుంటుంది నవలలో. అసలు వెలాసిరాప్టర్ పెద్ద టర్కీ కోడి అంత.

ఇక డీఎన్‌ఏ. నవల వచ్చేనాటికి అది మరీ గాలిమాటేమీ కాదు. 19వ శతాబ్దంలో అంతరించిపోయిన క్వాగా అనే జీబ్రా జాతి తోలులోంచి డీఎన్‌ఏ ముక్కలు తీసినట్టు 1984లోనే ప్రకటించారు. క్రైటన్ అక్కడి నుంచి ఒక్క గంతు వేశాడు. ఆ గంతు ఎంత పెద్దదో తర్వాత తేలింది. న్యూజిలాండ్‌లో అంతరించిన మోవా పక్షుల ఎముకలను పరీక్షించి 2012లో శాస్త్రవేత్తలు ఒక లెక్క కట్టారు. ఆ ఎముకల్లో డీఎన్‌ఏ బంధాలు 521 ఏళ్లకు సగం తెగిపోతాయి. మరో 521 ఏళ్లకు మిగిలిన దాంట్లో సగం. మంచులో పెట్టినట్టు చల్లగా ఉంచినా 68 లక్షల ఏళ్లకు ఒక్క బంధమూ మిగలదు. ఇప్పటిదాకా చదవగలిగిన అతి పాత డీఎన్‌ఏ గ్రీన్‌లాండ్ మట్టిలోది, 2022లో ప్రకటించారు. దాని వయసు సుమారు 20 లక్షల ఏళ్లు. 20 లక్షలెక్కడ, 6 కోట్ల 60 లక్షలెక్కడ!

ఇన్ని ఎర్ర గీతలు పడ్డాక నవల రుచి చెడిపోయిందా? లేదు. పెరిగింది. 'మాయాబజార్' చూస్తూ అంత వివాహ భోజనం ఒక్క పొట్టలో ఎలా పట్టిందని మనం అడగం. అడిగితే సినిమా పోతుంది. ఈ నవల అలా కాదు. అడగమని మోచేత్తో పొడుస్తుంది. ఎక్కడెక్కడ నిజం, ఎక్కడెక్కడ అబద్ధం అని వెతుక్కోవడం ఇక్కడ రెండో ఆట. కథల తెగవాళ్లకు ఒకే టికెట్టు మీద ఒక ఆట. మనకు రెండు.

లెక్కలో దొరికిన దొంగ

సినిమాలో లేని ఘట్టం ఒకటి నవలలో ఉంది. నన్ను అడిగితే పుస్తకం మొత్తంలో వెన్ను జలదరించేది అదే. అందులో రక్తం లేదు, కేకలు లేవు. ఉన్నది కూడిక ఒక్కటే.

దీవిలో ఎక్కడ ఏ జంతువున్నా కంప్యూటర్ కనిపెట్టి లెక్క చెబుతుంది. ఉండాల్సినవి 238. కంప్యూటర్ చూసి 238 ఉన్నాయంటుంది. ఒక్కటీ తప్పించుకోలేదని అధికారులు నిశ్చింతగా ఉంటారు. అతిథిగా వచ్చిన గణిత శాస్త్రవేత్త ఒకాయన, 239 ఉన్నాయేమో వెతకమని అడుగుతాడు. ఉన్నాయంటుంది కంప్యూటర్. ఇంకా పెంచండి అంటాడు. పెంచుతూ పోతే లెక్క 292 దగ్గర ఆగుతుంది.

జరిగిందేమిటంటే, కంప్యూటర్ 238 దాకా లెక్కపెట్టి చాలించేది. ఎవరైనా తగ్గారా అని చూడమన్నారు గానీ, పెరిగారా అని చూడమనలేదు. అన్నీ ఆడవే, పిల్లలు పుట్టే మార్గమే లేదని వాళ్ల ధీమా.

గొర్రెల మందను సాయంత్రం దొడ్లోకి తోలే మన కుర్మ అన్నను తలచుకోండి. తోడేలు ఎత్తుకెళ్లిందేమోనని లెక్కపెడతాడు. కానీ ఒకటి ఎక్కువొస్తే? దారిలో ఈనిందా, పక్క మందలోది కలిసిందా అని వెంటనే చూస్తాడు. కోట్ల డాలర్ల కంప్యూటర్‌కు ఆ తెలివి లేదు. అడిగినవాళ్లకు లేదు గనుక దానికీ లేదు.

దానికి ముందే ఆ గణితం ఆయనకు ఒక గ్రాఫు అనుమానం కలిగిస్తుంది. చిన్న జాతి డైనోసార్ల ఎత్తుల గ్రాఫు అది. మధ్యలో ఉబ్బి, రెండు పక్కలా వాలిన గంట ఆకారంలో, చూడచక్కగా ఉంటుంది. అంత చక్కగా ఉండటమే తప్పంటాడాయన. ఆ జంతువులను ఆరేసి నెలల తేడాతో మూడు విడతలుగా వదిలారు. అలాంటప్పుడు ఎత్తుల గ్రాఫులో మూడు గుట్టలుండాలి. బడిలో ఒకటో తరగతి, ఐదో తరగతి, పదో తరగతి పిల్లలను మాత్రమే కొలిస్తే మూడు గుట్టలొచ్చినట్టు. ఒకే గుట్ట వచ్చిందంటే, అన్ని వయసులవీ కలిసి బతుకుతున్నాయని. అంటే అవి పిల్లల్ని కంటున్నాయని.

గ్రాఫు చదవడం రాక మనుషులు ప్రాణాల మీదికి తెచ్చుకున్న నవల ఇది. ఇంటర్‌లో సంభావ్యత పాఠం చెప్పే లెక్చరర్లు ఈ రెండు ఘట్టాలూ క్లాసులో చెబితే వెనక బెంచీలు కూడా లేచి కూర్చుంటాయి.

స్టాటిస్టిక్స్ వాళ్లకు ఎముకలతో ఏం పని?

ఇక్కడే ఎర్ర పెన్సిల్ నన్ను కోస్టారికా నుంచి మన ప్రాణహిత ఒడ్డుకు ఈడ్చుకొచ్చింది.

నవలలో డైనోసార్ల గుట్టు విప్పింది గణాంకాలు. మన దేశంలో డైనోసార్ల గుట్టు విప్పినవాళ్లలో ముందున్నది ఎవరనుకున్నారు? కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. పంచవర్ష ప్రణాళికల లెక్కలు కట్టిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించిన సంస్థ. ఆయనకు కొలతలంటే ప్రాణం. కుర్రతనంలో మనుషుల శరీర కొలతల మీదే పరిశోధన చేశాడు. బతికున్నవాళ్లను కొలిచినవాడికి, కోట్ల ఏళ్ల కిందటి ఎముకలను కొలవాలనిపించడంలో వింతేముంది? 1950ల చివర్లో లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తను పిలిపించి, సంస్థలో భూగర్భ అధ్యయన విభాగం మొదలుపెట్టాడు. ఆ విభాగం వాళ్లు సుత్తులు, ఉలులు పట్టుకుని వచ్చింది మన ప్రాణహిత-గోదావరి లోయకు.

కాళేశ్వరం పుష్కర స్నానాలకు వెళ్లిన ప్రతి కుటుంబమూ ఆ చోటు చూసే ఉంటుంది. ప్రాణహిత, గోదావరి కలిసేచోట నిలబడి అవతలి గట్టున చూస్తే కనిపించేది మహారాష్ట్రలోని సిరోంచ. ఆ సిరోంచ తాలూకాలోని పోచంపల్లి అనే ఊరి దగ్గర (చీరల పోచంపల్లి కాదు) పెద్ద పెద్ద ఎముకలు బయటపడ్డాయి. కనీసం ఆరు జంతువులవి, దాదాపు 300 ఎముకలు. తవ్వకాలు జోరుగా సాగిన 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం. అందుకని 1975లో దానికి 'బారాపాసారస్ టాగోరై' అని పేరు పెట్టారు. బెంగాలీలో 'బారా పా' అంటే పెద్ద కాలు. విశ్వకవి పేరు మోస్తున్న రాక్షసబల్లి ప్రపంచంలో ఇదొక్కటే అనుకోవచ్చు.

ఇవతలి గట్టున ఉన్న మనకేం తక్కువ కాలేదు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర్లో మరో రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. 2,400 చదరపు మీటర్ల చోటులో, అంటే మన లెక్కలో సుమారు 24 గుంటల జాగాలో, 840 ఎముకలు. కనీసం 12 జంతువులవి. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన పి. యాదగిరి 1988లో దానికి 'కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని నామకరణం చేశారు. కోట అంటే రాజుల కోట కాదు. సిరోంచ దగ్గరున్న కోట అనే ఊరు. ఆ ఊరి పేరే ఆ రాళ్ల పొరకూ వచ్చింది. ఇక యామన్‌పల్లి పేరు ప్రపంచంలోని డైనోసార్ పుస్తకాలన్నిట్లోకీ ఎక్కింది. కోటాసారస్ ఆకులు మేసే సాధు జంతువు. పొడవు సుమారు 9 మీటర్లని అంచనా, అంటే ఆర్టీసీ బస్సుకు ఒకటి రెండు సీట్ల వరస తక్కువ. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది.

అన్నట్టు, ఈ రెండూ సిసలైన జురాసిక్ కాలం జంతువులు. అమెరికా నవల పేరులో జురాసిక్ ఉంది, మన నేలలో జురాసిక్ ఉంది. మన కోటాసారస్‌కూ టైరనోసారస్‌కూ మధ్య దాదాపు పది కోట్ల ఏళ్ల ఎడం. టైరనోసారస్‌కూ మనకూ మధ్య ఎడం 6 కోట్ల 60 లక్షల ఏళ్లే. కాలంలో చూస్తే టైరనోసారస్‌కు మన కోటాసారస్ కంటే మనమే దగ్గరి చుట్టాలం.

ఇంకా వెనక్కి పోతే ఆసిఫాబాద్ వైపు మాలేరి పొరలున్నాయి. అవి జురాసిక్‌కు ముందటి ట్రయాసిక్ కాలంవి. అక్కడ మొసలి పోలికలో ఉండే పారాసూకస్ అనే జంతువుల అస్థిపంజరాలు రెండు దొరికాయి. వాటి పొట్టలు ఉండాల్సిన చోట మరో రెండు చిన్న సరీసృపాల ఎముకలు! అవి పారాసూకస్‌ల ఆఖరి భోజనం. అరగకముందే తిన్నవీ చచ్చాయి. ఆ భోజనమే శాస్త్రానికి కొత్త జాతి అయింది. 1980లో దానికి 'మాలేరిసారస్ రాబిన్సనే' అని పమేలా రాబిన్సన్ పేరు పెట్టారు. ఇంతకంటే ఉత్కంఠ కలిగించే అధ్యాయం క్రైటన్ కూడా రాయలేదు.

బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని బొగ్గుబావుల కార్మికులకైతే ఈ కాలం లెక్కలు చెప్పనక్కర్లేదు. వాళ్లు రోజూ దిగి తవ్వే బొగ్గు ఈ రాక్షసబల్లుల కంటే పాతది. 25 కోట్ల ఏళ్లకు పైబడిన అడవి అది. ఈ రాళ్ల వరసనంతా కలిపి భూగర్భ శాస్త్రం గోండ్వానా అంటుంది. ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, మన దేశం ఒకటిగా అతుక్కుని ఉన్ననాటి మహాఖండానికీ అదే పేరు. ఆ పేరు వచ్చింది గోండుల నేల పేరు మీదనే. ఆదిలాబాద్ గోండు పిల్లవాడు బడిలో ప్రపంచ పటం చూసేటప్పుడు ఈ ముక్క ఒక్కటి చెబితే చాలు, ఆ పటం వాడిది కూడా అవుతుంది.

ర్యాంకు వస్తదా?

ఇంతవరకూ బాగానే ఉంది. మా బావకు మాత్రం ఈ వ్యవహారం నచ్చలేదు. "బామ్మర్దీ, పిల్లకు పరీక్షలు దగ్గర పడ్డయ్. ఆ బల్లుల పుస్తకం సదివితె ర్యాంకొస్తదా? సదివితె జీకే పుస్తకమన్న సదువమని చెప్పు" అన్నాడు.

"ర్యాంకు సంగతి నాకు తెల్వది బావా. గని మొన్న నీ బిడ్డ గంట గ్రాఫు గురించి నన్ను అరగంట నిలబెట్టి అడిగింది. జీకే పుస్తకం సదివి ఎన్నడన్న అడిగిందా?" అన్నాను.

బావ అడిగింది తీసిపారేయాల్సిన మాటేమీ కాదు. మన జిల్లాల్లో చాలా కుటుంబాలకు చదువు ఒక్కటే ఆస్తి. ఈఏపీసెట్ నుంచి గ్రూప్ వన్ దాకా ప్రతి పరీక్షకూ ఇల్లంతా కూర్చుంటుంది. అక్కడ గంట వృథా అయితే గుండె కలుక్కుమంటుంది. నవల అంటే గంటల ఖర్చు. పైగా ఈ నవల అబద్ధాలూ చెబుతుంది. దోమ కడుపులోంచి డైనోసార్ వస్తుందని నమ్మేసిన పిల్లలు తక్కువేం కాదు.

కానీ జీకే పుస్తకం ఏం చేస్తుంది? జవాబులిస్తుంది. కోటాసారస్ ఎక్కడ దొరికింది, ఆదిలాబాద్. బిట్టు పూర్తయింది. ప్రశ్న పుట్టకముందే చేతిలో పెట్టిన జవాబు పరీక్ష మర్నాటికి ఉండదు. నవల ముందు ఆకలి పుట్టిస్తుంది. ఎముకలోంచి నిజంగా డీఎన్‌ఏ తీయగలరా, ఎన్నేళ్లు ఉంటుంది, ఎవరు లెక్కగట్టారు, మన దగ్గర ఇలాంటివి దొరికాయా అని నాలుగు రోజులపాటు ఇల్లంతా తిప్పుతుంది. ఆ ఆకలికి తిండి పెట్టాల్సింది మళ్లీ నిజాల పుస్తకాలే. అల్మారాలో దుమ్ము పట్టిన మా సైన్స్ పుస్తకాలు మూడు ఇప్పుడు మేనకోడలి బల్ల మీదున్నాయి. నవల వాటికి పోటీ రాలేదు. వాటిని కిందికి దింపింది.

అందుకని ఒక చిన్న పద్ధతి చెబుతాను. పిల్లల చేతిలో వేగంగా సాగే సైన్స్ నవల కనిపిస్తే లాక్కోకండి. పక్కన ఒక నోటుబుక్కు, ఎర్ర పెన్సిల్ పెట్టండి. ఇది నిజమేనా అని అనుమానం వచ్చిన ప్రతిచోటా పేజీ నంబరు రాసుకోమనండి. కథ మధ్యలో మాత్రం ఆపొద్దు. పరుగు అయిపోయాక, ఆదివారం పూట ఆ నంబర్లు పట్టుకుని ఇద్దరూ కలిసి వెతకండి. ఇంగ్లీషు కష్టమైతే తెలుగులోనే మొదలుపెట్టవచ్చు. యండమూరి వీరేంద్రనాథ్ 'చీకట్లో సూర్యుడు' ఉంది. పుస్తకం వద్దనే పిల్లలుంటే సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన 'ఆదిత్య 369' చూపించి, కాలయంత్రం ఊహ హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన నవలది అని చెప్పండి. ఈసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు మాల్‌తోపాటు బిర్లా సైన్స్ మ్యూజియానికీ ఒక పూట కేటాయించండి. ఆ అస్థిపంజరం ముందు నిలబెట్టి "ఇది మన దగ్గరిదే" అని చెప్పండి. పిల్లల ముఖం చూడాలి అప్పుడు.

ప్రాణహిత వైపు ఊళ్లవాళ్లకు ఇంకో మాట. చేలో, వాగులో ఎముక ఆకారంలో బరువైన రాయి కనిపిస్తే పగలగొట్టకండి, ఇంటికీ తేకండి. అది ఏ పొరలో, ఏ పక్కకు ఒరిగి, దేని పక్కన ఉందన్నదే శాస్త్రవేత్తకు సగం సాక్ష్యం. చోటు మారిస్తే ఆ సాక్ష్యం చెరిగిపోతుంది. ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని బడి సారుకో, తహసీల్దారుకో చెప్పండి.

ఎందుకంటే ఈ కథ ఇంకా పూర్తికాలేదు. ప్రాణహిత ఒడ్డున నడిచే సైన్స్ నవల తెలుగులో ఒకటి రావాలని నా కోరిక. నిజాల తెగవాణ్ని గనుక నేను రాయలేను. రాయగలవాళ్లకు మొదటి అధ్యాయం ఉచితంగా ఇచ్చేస్తాను, అందులో కల్పన ఒక్క ముక్క లేదు. 24 గుంటల జాగాలో పన్నెండు రాక్షసబల్లుల ఎముకలు దొరికాయి. కాళ్లున్నాయి, వెన్నుపూసలున్నాయి, తోకలున్నాయి. మొత్తం 840 ఎముకల్లో తలకు సంబంధించినవి రెండంటే రెండు పళ్లు. కోటాసారస్ తల ఎలా ఉండేదో చూసినవాడు ఇంతవరకు లేడు.